బ్యాంకు పేరుతో మెయిల్ వచ్చిందా? లింకు నొక్కే ముందు ఇవి చూడండి

'మీ కేవైసీ గడువు ముగిసింది. 24 గంటల్లో అప్‌డేట్ చేయకపోతే ఖాతా నిలిపివేస్తాం.' పైన బ్యాంకు లోగో, కింద హెడ్ ఆఫీసు చిరునామా, మధ్యలో నీలం రంగు బటన్. ఇలాంటి మెయిల్ చాలామంది ఇన్‌బాక్స్‌లోకి ఈపాటికే వచ్చి ఉంటుంది. బటన్ నొక్కితే బ్యాంకు వెబ్‌సైట్‌లాగే ఉండే పేజీ తెరుచుకుంటుంది. అందులో యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టిన కొన్ని నిమిషాల్లో ఖాతా ఖాళీ అవుతుంది. దీన్నే ఫిషింగ్ అంటారు. చేపలు పట్టడం అనే అర్థం ఉన్న ఇంగ్లిష్ మాట నుంచి ఈ పేరు వచ్చింది. 1990ల మధ్యలో అమెరికాలో ఏఓఎల్ వాడేవాళ్ల పాస్‌వర్డ్‌లు కాజేసిన ముఠాల మధ్య పుట్టిన మాట ఇది. వాళ్లు చేసే పని కూడా అదే. వేలమందికి ఒకేసారి గాలం వేస్తారు, ఇద్దరు ముగ్గురు చిక్కితే చాలు.

ఓటీపీ చెప్పమని ఫోన్ చేసేవాళ్ల గురించి ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు కూడా తెలుసు. మెయిల్ విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఇంకా రాలేదు. ఎందుకంటే మెయిల్ అంటే ఆఫీసు కాగితం లాంటిదని ఒక నమ్మకం. గల్ఫ్‌తో సంబంధం ఉన్న కుటుంబాల్లో ఈ నమ్మకం మరీ ఎక్కువ. రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లకు ఇక్కడి సిమ్ అన్నిసార్లూ పనిచేయకపోవచ్చు. కాబట్టి ఎన్ఆర్ఈ ఖాతా విషయాలన్నీ మెయిల్‌లోనే చూసుకుంటారు, కొన్ని బ్యాంకులు వాళ్లకు ఓటీపీ కూడా మెయిల్‌కే పంపుతాయి. మెయిల్ అంటే బ్యాంకే అన్నట్టు అలవాటు పడిపోతారు. డ్యూటీ మధ్యలో ఫోన్ చూసి, ఊళ్లో అమ్మీకి డబ్బు అందదేమోనన్న కంగారులో బటన్ నొక్కేస్తారు.

ఇక్కడి ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఖాతా అబ్బా పేరు మీద ఉంటుంది, మెయిల్ కొడుకు ఫోన్లో తెరుచుకుంటుంది. లేదంటే ఖాతా తెరిచిన రోజు నెట్ సెంటర్ అబ్బాయి చేసిచ్చిన మెయిల్ ఐడీయే ఇప్పటికీ బ్యాంకులో ఉంటుంది. దాని పాస్‌వర్డ్ ఆ అబ్బాయికి తెలుసు, ఇంట్లో వాళ్లకు తెలియదు. బ్యాంకు నుంచి వచ్చిన నిజమైన మెయిల్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడనివాళ్లు నకిలీని ఎలా పోల్చుకుంటారు?

లోగో, భాష, పేరు చూసి నమ్మొద్దు

పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది: స్పెల్లింగ్ తప్పులుంటే నకిలీ, శుభ్రమైన ఇంగ్లిష్ ఉంటే అసలు. ఇది ఇప్పుడు పనికిరాదు. ఏఐ టూళ్లు వచ్చాక ఎవరైనా తప్పుల్లేని ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, తెలుగు రాయించుకోవచ్చు. లోగో అయితే బ్యాంకు సైట్ నుంచి కాపీ చేసుకోవడానికి ఒక్క నిమిషం పట్టదు. 'డియర్ కస్టమర్' అని ఉంటే నకిలీ, పేరు పెట్టి పిలిస్తే అసలు అన్నది కూడా అంతే. పేరు, ఫోన్ నంబరు, కార్డులోని చివరి నాలుగు అంకెలు ఏదో ఒక షాపింగ్ సైట్ నుంచో లోన్ యాప్ నుంచో బయటికి వెళ్లి ఉండొచ్చు. పేరు రాసినంత మాత్రాన పంపింది బ్యాంకు అయిపోదు.

పంపినవాళ్ల పేరు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. మెయిల్ పైన కనిపించే పేరును పంపేవాడే రాసుకుంటాడు. ఎవరైనా తన ఖాతాకు 'స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా' అనో 'హెచ్‌డీఎఫ్‌సీ అలర్ట్స్' అనో పేరు పెట్టుకోవచ్చు, అడ్డుకునేవాళ్లు లేరు. ఫోన్‌లో జీమెయిల్ యాప్ ఆ పేరునే చూపిస్తుంది, అసలు అడ్రసును దాచేస్తుంది. పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కితే పూర్తి అడ్రసు కనబడుతుంది. అందులో @ గుర్తు తర్వాత ఉన్న భాగమే ముఖ్యం. అక్కడ జీమెయిల్ అనో, అవుట్‌లుక్ అనో, ఏదో సంబంధం లేని కంపెనీ పేరో ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. ఏ బ్యాంకూ ఖాతాదారులకు జీమెయిల్ నుంచి నోటీసు పంపదు.

కంప్యూటర్‌లో తెరిస్తే అదే బాణం కింద 'మెయిల్డ్ బై', 'సైన్డ్ బై' అని రెండు వరుసలు కూడా ఉంటాయి. మెయిల్ ఏ సర్వర్ నుంచి వచ్చింది, ఏ సంస్థ డిజిటల్ సంతకం ఉంది అన్నది అవి చెబుతాయి. అక్కడ బ్యాంకు డొమైన్ లేకపోతే అనుమానించాలి. ఉన్నా పూర్తిగా నిశ్చింతగా ఉండలేం. బ్యాంకు పేరుకు దగ్గరగా ఉండే డొమైన్ ఒకటి కొనుక్కుని, దాని మీద సక్రమంగా సంతకం పెట్టించుకునే మోసగాళ్లు కూడా ఉన్నారు.

వెబ్ అడ్రసును ఉర్దూలా చదవాలి

అసలు గుట్టంతా లింకులోనే ఉంటుంది. బటన్ మీద ఏం రాసి ఉందన్నది కాదు, అది ఎక్కడికి తీసుకెళ్తుందన్నది చూడాలి. కంప్యూటర్‌లో మౌస్‌ను బటన్ మీద పెట్టి నొక్కకుండా ఉంచితే కింద మూలన అసలు అడ్రసు కనిపిస్తుంది. ఫోన్‌లో అయితే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే అడ్రసుతో చిన్న పెట్టె వస్తుంది. పొరపాటున తెరుచుకునే ప్రమాదం ఉంది కాబట్టి చేయి తిరగనివాళ్లు ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిది.

ఆ అడ్రసును ఎలా చదవాలన్నది ఉర్దూ వచ్చినవాళ్లకు చెప్పడం తేలిక. కుడి నుంచి ఎడమకు చదవాలి. ముందుగా ఎచ్‌టీటీపీఎస్, దాని వెనక రెండు గీతలు వదిలేయండి. తర్వాత మొదటి ఏటవాలు గీత, అంటే స్లాష్ ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి ఎడమవైపుకు వెనక్కి రండి. ముందు తగిలే రెండు మూడు ముక్కలే ఆ సైట్ యజమాని ఎవరో చెబుతాయి. వాటికి ఎడమవైపు ఉండేదంతా యజమాని తనకు నచ్చినట్టు రాసుకునే పేరు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఉదాహరణకు రెండు అడ్రసులు చూడండి. తెరపై ఇవి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, ఇక్కడ పలికే తీరులో ఉన్నాయి. మొదటిది: 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్'. కుడి నుంచి వస్తే 'ఇన్', 'బ్యాంక్', ఆ తర్వాత 'ఎస్‌బీఐ'. ఇది స్టేట్ బ్యాంకుదే. రెండోది: 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్'. ఎడమ నుంచి చదివితే మొదటి దానిలాగే ఉంది. కుడి నుంచి చదివితే యజమాని 'కేవైసీ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్' అనే ఎవడో. 'ఎస్‌బీఐ', 'బ్యాంక్', 'ఇన్' అన్నవి వాడు ముందు తగిలించుకున్న అలంకారం. ఫోన్ తెర చిన్నది కాబట్టి పొడవాటి అడ్రసులో ఎడమ భాగమే కనబడి కుడి భాగం దాగిపోవచ్చు. ఈ మోసం ఆధారపడేది దాని మీదే.

అక్షరాల గారడీ ఇంకొకటి. ఇంగ్లిష్‌లో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన రాస్తే 'ఎం' లాగా కనిపిస్తాయి. 'ఓ' బదులు సున్నా, చిన్న 'ఎల్' బదులు పెద్ద 'ఐ' పెడతారు. రష్యన్ లిపిలోని 'ఎ' అచ్చం ఇంగ్లిష్ 'ఎ' లాగే ఉంటుంది. కంటితో పట్టుకోవడం కష్టం.

అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే సైట్ భద్రమైనదని చాలామంది అనుకుంటారు. తాళం చెప్పేది ఒక్కటే: మీ ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఇంకొకరు చదవలేరు అని. అవతల ఉన్నది బ్యాంకా, దొంగా అన్నది తాళానికి తెలియదు. నకిలీ సైట్లకు కూడా ఆ సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి రిజర్వ్ బ్యాంకు 2025లో ఒక పని చేసింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందికి మార్చుకోవాలని, 2025 అక్టోబర్ 31లోగా పూర్తి చేయాలని ఆదేశించింది. ఈ డొమైన్‌ను ఎవరు పడితే వారు కొనలేరు. దాన్ని కేటాయించే ఏకైక సంస్థ హైదరాబాద్‌లోనే, మాసబ్ ట్యాంక్ దగ్గర క్యాసిల్ హిల్స్‌లో ఉంది. పేరు ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన పరిశోధనా సంస్థ. బ్యాంకు అని నిర్ధారించుకున్న తర్వాతే అది డొమైన్ ఇస్తుంది. అందుకే ఇప్పుడు భారతీయ బ్యాంకు సైట్ అడ్రసు 'బ్యాంక్ డాట్ ఇన్' తో ముగియాలి. హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ లాంటివి కూడా ఈ పద్ధతిలోకి వచ్చాయి. సామాన్యుడికి ఇంత సులువైన గుర్తు ఇంతకు ముందు లేదు.

ఇందులో రెండు మెలికలున్నాయి. గల్ఫ్ బ్యాంకులకు ఈ డొమైన్ వర్తించదు. సౌదీ, యూఏఈ, కువైట్ బ్యాంకుల అడ్రసులు వేరుగా ఉంటాయి. రెండోది, అడ్రసులు మారాయన్న వార్తనే ఎరగా వాడుకోవచ్చు. 'మా కొత్త వెబ్‌సైట్‌లో మీ ఖాతా యాక్టివేట్ చేసుకోండి' అని మెయిల్ వస్తే నమ్మబుద్ధి అవుతుంది. బ్యాంకు సైట్ మారితే ఖాతాదారు యాక్టివేట్ చేయాల్సింది ఏమీ ఉండదు.

కేవైసీ బెదిరింపులో నిజమెంత

ఫిషింగ్ మెయిళ్లలో కేవైసీ ఎర ఎందుకు పారుతుందంటే అందులో సగం నిజం ఉంది. కేవైసీని నిజంగానే అప్పుడప్పుడు కొత్తగా ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు లెక్క ప్రకారం రిస్క్ ఎక్కువ ఉన్న ఖాతాదారులు కనీసం 2 ఏళ్లకోసారి, మధ్యస్థంగా ఉన్నవాళ్లు 8 ఏళ్లకోసారి, తక్కువ రిస్క్ ఉన్నవాళ్లు 10 ఏళ్లకోసారి. మామూలు జీతగాళ్లు, గృహిణులు, పింఛనుదారులు ఎక్కువగా మూడో వర్గంలోకే వస్తారు.

గడువు విషయంలో మాత్రం మెయిల్ చెప్పేది పచ్చి అబద్ధం. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు సవరించిన నిబంధనల ప్రకారం గడువు తేదీకి ముందే బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి. అందులో ఒకటి తప్పనిసరిగా ఉత్తరం రూపంలో ఇంటికి రావాలి. గడువు దాటాక ఇంకో మూడు రిమైండర్లు, వాటిలోనూ ఒకటి ఉత్తరమే. పైగా తక్కువ రిస్క్ ఉన్న ఖాతాదారులకు గడువు దాటిన తర్వాత కూడా ఏడాది వరకు లావాదేవీలు జరగనివ్వాలి. ఇన్ని మెట్లున్న చోట '24 గంటల్లో బ్లాక్' అనే మాటకు తావు లేదు. ఇంటికి ఒక్క ఉత్తరం కూడా రాకుండా ఖాతా రేపు ఆగిపోతుందని మెయిల్ వస్తే, ఆ మెయిల్ ఎవరిదో వేరే చెప్పాల్సిన పని లేదు.

వివరాలేమీ మారకపోతే కేవైసీకి సొంత ధ్రువీకరణ చాలు. దాన్ని బ్యాంకు యాప్, నెట్ బ్యాంకింగ్, ఏటీఎం, బ్రాంచి ద్వారా ఇవ్వొచ్చు. ఊళ్లో బిజినెస్ కరస్పాండెంట్ దగ్గర కూడా ఇప్పుడు అవకాశం ఇచ్చారు. మెయిల్‌లోని బటన్‌తో పనేముంది?

భయం ఒక్కటే కాదు

బెదిరింపు తర్వాత ఎక్కువగా కనిపించేది ఊరింపు: రివార్డ్ పాయింట్లు ఈ రాత్రికి ముగిసిపోతాయి, ఆదాయపు పన్ను రీఫండ్ ఆగి ఉంది, క్రెడిట్ కార్డ్ లిమిట్ పెంచాం. వీటికంటే తెలివైనది ఇంకొకటి ఉంది. 'మీ ఖాతా నుంచి 49,999 రూపాయలు డెబిట్ అయ్యాయి. ఇది మీరు చేసింది కాకపోతే వెంటనే ఇక్కడ నొక్కండి.' ఇది జాగ్రత్తపరులనే పట్టుకుంటుంది. మోసం జరిగిపోయిందన్న కంగారులో మోసగాడి చేతికే తాళాలు ఇచ్చేస్తారు. కొన్నింటిలో లింకు ఉండదు, 'కస్టమర్ కేర్' అని ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంటుంది. కాల్ చేసేది మనమే కాబట్టి అనుమానం రాదు. అవతల మాట్లాడేవాడు స్క్రీన్ షేర్ చేసే యాప్ ఒకటి వేసుకోమంటాడు. బ్యాంకు నంబరును మెయిల్ నుంచి కాదు, గూగుల్‌లో వెతికి కూడా కాదు, డెబిట్ కార్డు వెనక ముద్రించిన దాన్ని చూసి చేయాలి.

హజ్ యాత్రికుల ఇళ్లలో దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. హజ్ కమిటీ ద్వారా ఎంపికైనవాళ్లు వాయిదాల డబ్బును ఎస్‌బీఐ లేదా యూనియన్ బ్యాంకు బ్రాంచీల్లో తమకిచ్చిన రెఫరెన్స్ నంబరుతో గానీ, కమిటీ సొంత వెబ్‌సైట్, యాప్ ద్వారా గానీ కడతారు. ఆ రోజుల్లో 'మీ వాయిదా అందలేదు, ఈ లింకులో మళ్లీ కట్టండి' అని బ్యాంకు పేరుతో ఏదైనా వస్తే చేయి ఆగడం కష్టం. ఏళ్ల తరబడి దాచిన డబ్బు, సీటు పోతుందేమోనన్న భయం. కవర్ నంబరుతో కమిటీ సైట్‌లోకి మనమే వెళ్లి చూసుకుంటే ఐదు నిమిషాల పని.

అటాచ్‌మెంట్ల సంగతి కొంచెం వేరు. బ్యాంకులు నెలవారీ స్టేట్‌మెంట్‌ను పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్‌గా నిజంగానే పంపుతాయి. పుట్టిన తేదీ, పేరులోని అక్షరాలు కలిపి కొట్టి తెరవడం జనానికి అలవాటే. ఆ అలవాటు మీద ఆడే నాటకం ఎచ్‌టీఎంఎల్ ఫైల్. నొక్కితే ఫోన్‌లోనే బ్యాంకు లాగిన్ పేజీలాంటిది వస్తుంది. అది వెబ్‌సైట్ కాదు కాబట్టి పైన చదవడానికి డొమైనే ఉండదు. ఇంకా ప్రమాదకరమైనది ఏపీకే ఫైల్. ఇది ఫోన్‌లో యాప్‌గా ఎక్కి, వచ్చే ఓటీపీలన్నీ చదివి పంపించేస్తుంది. ఎస్‌బీఐ రివార్డుల పేరుతో తిరిగిన ఇలాంటి ఏపీకే మెసేజ్‌ల మీద కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం హెచ్చరిక కూడా ఇచ్చింది. బ్యాంకు యాప్ ప్లే స్టోర్ నుంచో యాపిల్ స్టోర్ నుంచో రావాలి, మెయిల్‌లో కాదు.

నకిలీ పేజీలో వివరాలు కొట్టాక ఏం జరుగుతుందో తెలిస్తే చివరి నిమిషంలోనైనా ఆగొచ్చు. మీరు కొట్టిన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌ను అవతలివాడు అదే క్షణంలో అసలు బ్యాంకు సైట్‌లో కొడతాడు. అసలు బ్యాంకు మీ ఫోన్‌కు ఓటీపీ పంపుతుంది. నకిలీ పేజీ 'కేవైసీ పూర్తి చేయడానికి ఓటీపీ ఇవ్వండి' అంటుంది. వచ్చిన ఓటీపీ అసలైనదే కాబట్టి నమ్మకం ఇంకా పెరుగుతుంది. కానీ ఆ ఎస్ఎంఎస్‌ను పూర్తిగా చదివితే అది దేనికో అందులోనే రాసి ఉంటుంది: కొత్త బెనిఫీషియరీని చేర్చడానికనో, ఇన్ని రూపాయలు బదిలీకనో. అంకెలు మాత్రమే చూసి కొట్టేయడం మన అలవాటు. ఫోన్ కూడా ఆ అంకెలను తానే తీసి చేతికిస్తోంది, వాక్యం చదివే అవసరమే లేకుండా.

వచ్చిన వార్తను నమ్మే ముందు నిజానిజాలు తేల్చుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయత్‌లో ఉన్న ఆదేశాన్ని జుమా బయానుల్లో తరచూ వింటూనే ఉంటాం. వాట్సాప్ ఫార్వర్డ్‌ల సందర్భంలో దాన్ని గుర్తుచేసే ఇమాం సాబ్‌లు బ్యాంకు మెయిళ్లను కూడా ఆ వరుసలో చేర్చొచ్చు. తేల్చుకునే పద్ధతి ఇక్కడ ఒక్కటే, పెద్ద చదువు అక్కర్లేదు. మెయిల్ మూసేయాలి. ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్‌ను మనమే తెరవాలి, లేదా బ్రాంచికి వెళ్లాలి. మెయిల్‌లో చెప్పిన సమస్య నిజమైతే అక్కడ కనబడుతుంది. లేకపోతే సమస్యే లేదు. పైన చెప్పిన అడ్రసుల పరీక్షలు రానివాళ్లకు, కళ్లు సరిగా కనబడని పెద్దవాళ్లకు కూడా ఈ ఒక్క పద్ధతి సరిపోతుంది.

నొక్కేసి ఉంటే

లింకు తెరిచి, ఏమీ కొట్టకుండా, ఏమీ డౌన్‌లోడ్ చేయకుండా మూసేస్తే సాధారణంగా డబ్బు పోదు. వివరాలు ఇచ్చేసి ఉంటే గడియారం మొదలైనట్టే. ముందు కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరుకు చేసి ఖాతా, కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించాలి, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. వెంటనే 1930కి చేయాలి. కేంద్ర హోం శాఖ కింద 2021 నుంచి నడుస్తున్న వ్యవస్థ ఇది. ఫిర్యాదు అందగానే డబ్బు వెళ్లిన బ్యాంకుకు సమాచారం పోతుంది, అక్కడ ఇంకా మిగిలి ఉంటే ఆ సొమ్మును స్తంభింపజేస్తారు. దొంగలు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు, నిమిషాల్లో నాలుగైదు ఖాతాలు దాటిస్తారు. అందుకే మొదటి గంటకు అంత విలువ. నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు అక్కడి నుంచి 1930 కలుస్తుందని నమ్ముకుని కూర్చోకుండా, బ్యాంకు విదేశీ నంబరుకు తాము చేస్తూ, 1930కి ఇక్కడ తమ్ముడితోనో బావతోనో చేయించాలి. ఏపీకే ఎక్కించుకున్న ఫోన్ అయితే ముందు ఇంటర్నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి ఈ పనులన్నీ చేయాలి. మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చి ఉంటే దాన్నీ మార్చాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాలి. ఆ మెయిల్‌ను డిలీట్ చేయొద్దు, పోలీసులకు అదే ఆధారం.

పోయిన డబ్బుకు బాధ్యత ఎవరిది అన్న దాని మీద రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాలున్నాయి. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు రూపాయి కూడా భరించనక్కర్లేదు. బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో లోపం జరిగిందంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెబితే అప్పుడూ బాధ్యత సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే పరిమితి ఉంటుంది: జన్ ధన్ లాంటి బేసిక్ ఖాతాలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు, మామూలు సేవింగ్స్‌కు 10,000. వడ్డీ వద్దనుకుని కరెంట్ ఖాతా పెట్టుకున్నవాళ్లు మన దగ్గర కొందరున్నారు. ఏడాది సగటు నిల్వ 25 లక్షల లోపు ఉన్న వ్యక్తుల కరెంట్ ఖాతాలకు కూడా ఇదే 10,000 పరిమితి.

ఫిషింగ్ కేసుల్లో మాత్రం బ్యాంకులు సాధారణంగా ఎత్తేది వేరే నిబంధన. పాస్‌వర్డ్, ఓటీపీ ఖాతాదారే ఇచ్చాడు కాబట్టి నిర్లక్ష్యం అతనిదే అంటాయి. అదే నిజమైతే, బ్యాంకుకు చెప్పే వరకు పోయినదంతా ఖాతాదారుదే. చెప్పిన తర్వాత పోయింది మాత్రం బ్యాంకుదే. లెక్క వేసి చూస్తే దీని విలువ తెలుస్తుంది. ఖాతా నుంచి 20,000 చొప్పున నాలుగుసార్లు వెళ్లిందనుకోండి. రెండు పోయాక ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటే మొదటి 40,000 మీది, తర్వాతి 40,000 బ్యాంకుది. ఇంట్లో ఎవరికి చెప్పాలా, అబ్బా ఏమంటారోనని అరగంట ఆలోచిస్తే మొత్తం 80,000 మీదే. డబ్బు పోయిన చాలా ఇళ్లలో జరిగేది ఈ రెండోదే. కోడలో, కాలేజీ పిల్లో నొక్కి ఉంటే తిడతారన్న భయంతో సాయంత్రం దాకా చెప్పరు. తిట్టేది ఏమైనా ఉంటే 1930కి చేశాక తిట్టుకోవచ్చు.

నిర్లక్ష్యం ఖాతాదారుదేనని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే ఉందని అవే ఆదేశాలు చెబుతున్నాయి. బ్రాంచిలో 'ఓటీపీ మీరే ఇచ్చారు కదా, మేమేం చేయలేం' అని నోటిమాటగా తిప్పి పంపితే ఒప్పుకోనక్కర్లేదు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. అనధికార లావాదేవీ అని చెప్పిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో చూపాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 2021 నవంబర్ నుంచి దేశమంతటికీ ఒకే పథకం ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు, సమాచారానికి 14448కి ఫోన్ చేయొచ్చు. ఇక 1930 ద్వారా స్తంభించిన సొమ్ము దానంతట అది ఖాతాలోకి తిరిగి రాదు. కోర్టు ఉత్తర్వు అవసరం కావొచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా తిరిగి ఇప్పిస్తున్నారు. ఫిర్యాదు ఇచ్చినప్పుడు వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ నంబరుతో సైబర్ క్రైమ్ స్టేషన్‌లో అడిగితే, ఎంత హోల్డ్ అయిందో, పిటిషన్ ఎక్కడ వేయాలో చెబుతారు.